సూరచేప దారిలో వల



కాలువ కింద సేద్యం చేసేవారికి ఒక సంగతి నేను చెప్పనక్కరలేదు. శివారు రైతు ఎంత బాగా దమ్ము చేసినా, ఎంత మంచి విత్తనం చల్లినా, నీరు మాత్రం పైనుంచే రావాలి. పైనున్నవాళ్ళు తూములు పెద్దవి చేసుకుని, రాత్రికి రాత్రి తోడేసుకుంటే ఆయన చేను ఎండుతుంది. తప్పు ఆయనది కాదు. నష్టం మాత్రం ఆయనదే. లస్కరును అడిగితే ‘నేనేం చేసేది బాబూ, నీరు లేదు’ అంటాడు. ఈ బాధ డెల్టా శివార్లలో వున్న ప్రతి కుటుంబానికీ తెలుసు.

సముద్రం మీద కూడా ఇటువంటి శివారు రైతులు వున్నారు. ‘సముద్రంలో కాలువేమిటండీ, శివారేమిటండీ’ అని మీరు నవ్వవచ్చు. కాని కొన్ని చేపలు కాలువ నీరులాగానే ఏటా ఒకే దారిన వస్తాయి, ఒకే దారిన పోతాయి. ఆ దారి పక్కన ఒకచోట వల దింపుకుని, వచ్చినదానితో తృప్తిపడి, రెండువేల ఏళ్ళకు పైగా బతికినవాళ్ళు మధ్యధరా సముద్రం ఒడ్డున వున్నారు. వాళ్ళ వల కథ ఈనాడు చెప్పుకుందాం. అది చేపల కథే అయినా, వంతుల కథ కూడా.

ముందు చేప సంగతి. మనవైపు సూర అంటామే, ఆ జాతి చేప. విశాఖపట్నం, కాకినాడ వైపు పడవలవాళ్ళు లోతు సముద్రానికి పోయి, పొడుగాటి గాలపుతాళ్ళతో రెక్కసూరను పట్టుకువస్తారు. ఇంగ్లీషు మాటలో వీటన్నిటినీ ట్యూనా అంటారు. వీటన్నిటికీ పెద్దన్న వంటిది బ్లూఫిన్, అంటే నీలిరెక్కల సూర. ఇది మన బంగాళాఖాతంలో దొరకదు. అట్లాంటిక్ మహాసముద్రంలోనూ, మధ్యధరా సముద్రంలోనూ తిరుగుతుంది. పెద్దదైతే పది అడుగులు తేలికగా వుంటుంది. 1979లో కెనడా తీరాన గాలానికి పడిన ఒక చేప 679 కిలోలు తూగింది. అంటే ఏడు క్వింటాళ్ళకు కాస్త తక్కువ. జత ఎడ్లు లాగవలసిన బరువు! చేప అంటే చల్లని నెత్తురు అనుకుంటాం గాని, ఈ చేప తన ఒంటి వేడిని తానే నిలుపుకోగలదు. అందుకే చల్లని సముద్రంలోనూ మేస్తుంది, వెచ్చని సముద్రంలోనూ ఈదుతుంది. ముప్ఫై అయిదు ఏళ్ళకు పైగా బతకగలదు.

ఏడాదిలో ఎక్కువ భాగం ఇది అట్లాంటిక్‌లో మేసి బలుస్తుంది. వసంతకాలం రాగానే గుడ్లు పెట్టుకోవటానికి వెచ్చని నీళ్ళు వెతుక్కుంటుంది. స్పెయినుకూ, మొరాకోకూ మధ్య జిబ్రాల్టర్ జలసంధి వుంది. ఇరుకైన చోట దాని వెడల్పు 14 కిలోమీటర్లు. అట్లాంటిక్‌నుంచి మధ్యధరాకు పోవాలంటే అదొక్కటే గుమ్మం. ఏప్రిల్, మే, జూన్ నెలల్లో ఈ చేపలు మందలు మందలుగా ఆ గుమ్మంలో దూరి, స్పెయిను తీరం పక్కగా, సిసిలీ దీవి పక్కగా వెళ్ళి గుడ్లు పెడతాయి. జూలై, ఆగస్టుల్లో కొన్ని తిరిగి అదే గుమ్మం గుండా బయటపడతాయి. వచ్చేటప్పుడు చేప కొవ్వుతో నిండి వుంటుంది. పోయేటప్పుడు ఈనిన గేదెలాగా చిక్కిపోయి వుంటుంది. స్పెయినువారు వచ్చే చేపకు ఒక పేరు, పోయే చేపకు ఒక పేరు పెట్టుకున్నారు. ధర కూడా వేరువేరే.

ఇంత పెద్ద చేప, ఇంత బలమైన చేప, ఏటా ఒడ్డుకు దగ్గరగా ఒకే దారిన పోతుంటే మనిషి ఊరుకుంటాడా? దాని వెంట తెడ్లు వేసుకుని పోతే అందదు. కనుక దారి కాచాడు.

మన పొలాల్లో వానాకాలం బోదెకు అడ్డంగా వెదురు మావు పెడతాం గదా. చేప లోపలికి పోగలదు, బయటకు రాలేదు. ఆ మావునే సముద్రమంత చేసి చూడండి. అదే ఈ సూరవల. ఒడ్డునుంచి సముద్రంలోకి ఒక కిలోమీటరు, కొన్నిచోట్ల అంతకు మించి, నిలువుగా గోడలాగా వల దింపుతారు. పైన బెండ్లు, కింద బరువులు, అటూ ఇటూ లంగర్లు. ఒడ్డు పక్కగా వచ్చే మందకు ఈ గోడ అడ్డం వస్తుంది. ఈ వల కండ్లు పెద్దవి. చిన్న చేప నిక్షేపంగా దూరిపోతుంది. సూరకు బలం లేక కాదు, కాని అది గోడను చీల్చుకుని పోయే ప్రయత్నం చేయదు. లోతు వైపుకు మళ్ళుతుంది. ఆ మళ్ళిన చోటే వలతో కట్టిన గదులు వరుసగా వుంటాయి. మొదటి గదికి వాకిలి తెరిచి వుంటుంది. మంద లోపలికి వస్తుంది. పడవలో కాపలా వున్న మనిషి నీళ్ళలోకి చూసి, తలలు లెక్కపెట్టి, వాకిలి మూసి రెండో గదికి తోలతాడు. బందెలదొడ్డిలోకి పశువులను తోలినట్టే. ఈ గదులకు అడుగు వుండదు, సముద్రపు నేలే అడుగు. చివరి గదికి మాత్రం కింద కూడా దట్టమైన వల వుంటుంది. దానికి సిసిలీవారు ‘చావు గది’ అని పేరు పెట్టారు.

ఎర లేదు. యంత్రం లేదు. వెంటపడటం లేదు. వల ఒకచోటే వుంటుంది. చేప వస్తే వుంది, రాకపోతే లేదు. చేప గాలివాలునుబట్టి, నీటి వాలునుబట్టి కాస్త లోపలగా పోయిందా, ఆ రోజు అంతా ఆకాశం చూస్తూ కూర్చోవలసిందే. ‘ఎవడి అదృష్టం వాడిది’ అనుకుని వూరుకోవటమూ లేదు. గదుల మధ్యన ఒక కొయ్య శిలువ నిలబెట్టి, దానికి పునీతుల పటాలు కట్టి, చేపను పంపమని ప్రార్థన చేసేవారు. వానకోసం మనం చేసే ప్రార్థనలకూ దానికీ పెద్ద తేడా లేదు.

ఈ వలకు పెద్దను సిసిలీలో ‘రాయిస్’ అంటారు. అది అరబ్బీ మాట, నాయకుడు అని అర్థం. మన బోట్లమీది సరంగు వంటివాడు, కాని అంతకంటె ఎక్కువ బాధ్యత. వల ఎక్కడ దింపాలో, ఏ లంగరు ఏ కోణంలో వేయాలో, ఏ గాలికి ఏ వాకిలి తెరవాలో ఆయనకు తెలియాలి. ఈ విద్య పుస్తకాల్లో వుండేది కాదు. తండ్రినుంచి కొడుకు, ముసలివాడినుంచి పడుచువాడు నేర్చుకునేది. స్పెయినులో ఈ వలను ‘అల్మద్రాబా’ అంటారు. అదీ అరబ్బీ మాటే, ‘కొట్టే చోటు’ అని అర్థం. సిసిలీని అరబ్బులు 9వ శతాబ్దంనుంచి 11వ శతాబ్దందాకా ఏలారు. వాళ్ళు వెళ్ళిపోయారు గాని, మాటలు వల మీద నిలిచిపోయాయి.

అసలు పుట్టుక అరబ్బులకంటె చాలా వెనకటిది. సిసిలీకి పశ్చిమాన లెవాంజో అనే చిన్న దీవి వుంది. 1949లో అక్కడ ఒక గుహలో పూర్వకాలపు మనుషులు గోడల మీద వేసిన బొమ్మలు బయటపడ్డాయి. వాటిలో సూరచేపను పోలిన బొమ్మ వుంది. స్పెయినులో ఇప్పటి కాదిజ్ పట్టణాన్ని పూర్వం ఫినీషియా దేశపు వర్తకులు కట్టారు. ఆ ఊరి పాత నాణేల మీద రెండేసి సూరచేపలు చెక్కి వుంటాయి. మన రాజులు నాణెం మీద వరాహాన్నో, ఎద్దునో ముద్రించుకున్నట్టు వాళ్ళు తమకు తిండి పెట్టిన చేపను ముద్రించుకున్నారు. గ్రీసు దేశంలో క్రీస్తుకు పూర్వం 472లో ఆడిన ఒక నాటకంలో, సముద్రయుద్ధంలో చచ్చిన సైనికులను వలలో పడి దెబ్బలు తిన్న సూరచేపలతో పోల్చారు. చూసేవాళ్ళందరికీ ఆ దృశ్యం తెలిసి వుంటేనే గదా అటువంటి పోలిక చెల్లుతుంది. క్రీస్తు తరువాత రెండవ శతాబ్దంలో ఒప్పియన్ అనే కవి ఈ వలను వాకిళ్ళూ, లోపలి గదులూ వున్న పట్టణంతో పోల్చాడు. కొండమీద కూర్చుని మంద జాడ చూసే కాపలావాడిని గురించి కూడా చెప్పాడు. అంటే ఇప్పుడు చెప్పుకున్న వల ఆనాటికే వుందన్నమాట.

రోమనుల కాలంలో స్పెయిను దక్షిణపు కొనన, ఇప్పటి తరీఫా దగ్గర, బాయెలో క్లౌదియా అనే ఊరు ఈ చేప మీదనే లేచింది. చేపను కోసి, ముక్కలు ఉప్పులో వేసిన రాతి తొట్లు ఈనాటికీ అక్కడ కనిపిస్తాయి. చేప పేగులూ, తలకాయలూ ఉప్పు కలిపి ఎండలో మాగబెట్టి ఒక ఊట తీసేవారు. దానిని ‘గారుమ్’ అనేవారు. రోము నగరంలో గొప్పవాళ్ళ వంటల్లో అది లేనిదే రుచి లేదు. చేపలో ఏదీ పారేయకుండా వాడుకునే పద్ధతి ఆనాడే వచ్చింది.

ఇక మధ్యయుగాలకు వద్దాం. ఇక్కడినుంచి కథలో హక్కుల గొడవ మొదలవుతుంది.

స్పెయినులో 1294లో తరీఫా కోటను కాపాడిన గుజ్మాన్ అనే సేనానికి ఆ దేశపు రాజు బహుమానంగా ఆ తీరం మీద సూరవేట హక్కు రాసిచ్చాడు. ఆయన వంశంవారే తరువాత మెదీనా సిదోనియా ప్రభువులైనారు. చేప దేవుడిది, సముద్రం రాజుది, వల ప్రభువుది, చాకిరీ మాత్రం బీదవాళ్ళది. అయిదువందల సంవత్సరాలు ఆ తీరాన ఇదే ధర్మం నడిచింది. 1817లో గాని ఆ గుత్తాధికారం రద్దు కాలేదు.

ఆ ప్రభువుల కాలంలో వాడింది మనం చెప్పుకున్న నిలువు వల కాదు. మన తీరంలో అలివి వల లాగుతాం చూడండి, అదే పద్ధతి, ఇంకా పెద్ద ఎత్తున. ఎత్తైన బురుజు మీద కాపలావాడు నిలబడి, మంద కనబడగానే జెండా ఊపేవాడు. పడవలు మందను చుట్టి వల వేసేవి. ఒడ్డున వందలమంది రెండు కొసలూ పట్టుకుని లాగేవారు. కోనిల్, జహారా అనే రెండు ఊళ్ళు ఈ పనికి పేరుమోసినవి. మే, జూన్ నెలల్లో దేశం నలుమూలలనుంచి కూలీలు, బీదలు, ఇల్లు విడిచినవాళ్ళు, తప్పించుకు తిరిగేవాళ్ళు అక్కడ చేరేవారు. 1613లో అచ్చయిన ఒక కథలో స్పెయిను రచయిత సెర్వాంటెస్, జహారా సూరవేట రేవును పోకిరీలందరికీ బడి వంటిదన్నట్టుగా ఎగతాళిగా వర్ణించాడు. ఎగతాళి సంగతి ఎలా వున్నా, కూలీ జీవితం ఎలా వుండేదో దానివల్ల మనకు తెలుస్తుంది.

16వ శతాబ్దంలో మంచి ఏడాది వస్తే ఆ ప్రభువు వలల్లో లక్ష పైచిలుకు సూరచేపలు పడ్డాయి. 18వ శతాబ్దం నడిమికి వచ్చేసరికి కొన్ని వేలకు పడిపోయాయి. ప్రభువుకు దిగులు పట్టుకుంది. మార్తిన్ సర్మియెంతో అనే పండితుడైన సన్యాసిని కారణం చెప్పమన్నాడు. ఆయన 1757లో ఈ చేపల వలసను గురించీ, వేట తగ్గటాన్ని గురించీ ఒక నివేదిక రాసి ఇచ్చాడు. చేపలవేట ఎందుకు తగ్గిందని ఒక చదువుకున్న మనిషిని అడిగి, కాగితం మీద జవాబు రాయించుకోవటం ఆ రోజుల్లో మామూలు సంగతి కాదు.

విస్తరణ కార్యకర్తలు ఇక్కడ ఒక మాట గమనించాలి. ప్రభువు మంచివాడా చెడ్డవాడా అనేది అలా వుంచండి. ఆయన గుమాస్తాలు మాత్రం ఏ ఏడాది ఎన్ని చేపలు పడ్డాయో వదలకుండా లెక్క రాశారు. సిసిలీలో, సార్డీనియాలో, పోర్చుగల్‌లో, ట్యునీసియాలో కూడా సూరవలల వారు పద్దుల పుస్తకాలు పెట్టారు. వల ఒకచోటే వుంటుంది, ఏటా ఒకే నెలల్లో వేస్తారు, ఒకే పద్ధతిన పడతారు. కనుక ఏడాదికీ ఏడాదికీ పోల్చి చూడటానికి వీలున్న లెక్క అది. 2001లో ఫ్రాన్సు శాస్త్రజ్ఞులు ఆ పాత పద్దులన్నీ ఒకచోట చేర్చి, మూడువందల ఏళ్ళ లెక్క కట్టారు. దూరదూరంగా వున్న వలల్లో కూడా చేప ఒకే తీరున పెరుగుతూ, తరుగుతూ వచ్చిందని తేలింది. ఒక పెరుగుదలకూ తరువాతి పెరుగుదలకూ మధ్య సుమారు 100నుంచి 120 సంవత్సరాలు పట్టింది. సముద్రపు వెచ్చదనంలో వచ్చే మార్పుకూ దీనికీ సంబంధం వుందని ఆ తరువాత పరిశోధన చూపింది. గుమాస్తా తన యజమానికి లెక్క చెప్పటానికి రాసుకున్న పద్దు, రెండు మూడు శతాబ్దాల తరువాత శాస్త్రానికి ఆధారమైంది. మనం ఊళ్ళో వాన లెక్క, దిగుబడి లెక్క, రేవులో చేపల లెక్క రాసేటప్పుడు ‘దీన్ని ఎవడు చూస్తాడులే’ అని విసుగుపడతాం. చూసేవాడు ఇంకా పుట్టి వుండకపోవచ్చు.

ఇక సిసిలీకి పోదాం. సిసిలీ పశ్చిమ కొనన త్రాపానీ పట్టణానికి ఎదురుగా ఫావిఞ్ఞానా అనే దీవి వుంది. త్రాపానీలో ఉప్పుమళ్ళు, ఎదురుగా చేప. చేపా, ఉప్పూ పక్కపక్కనే వుంటే ఇంకేం కావాలి! 12వ శతాబ్దంలో సిసిలీ రాజు రోజర్ కొలువులో వున్న ఇద్రీసీ అనే అరబ్బు భూగోళ పండితుడు, 1154లో ముగించిన తన గ్రంథంలోనే ఆ తీరాల సూరవలలను పేర్కొన్నాడు. 1859లో ఫావిఞ్ఞానా వలలో ఒక్క కారులో పదివేలకు పైగా సూరచేపలు పడ్డాయి. 1874లో పలెర్మో వర్తకుడు ఇఞ్ఞాత్సియో ఫ్లోరియో ఆ దీవులనే కొనేశాడు. పెద్ద కర్మాగారం కట్టించాడు. అంతవరకూ ఉప్పులో నిలవచేసిన చేపను అక్కడ ఉడకబెట్టి, నూనెలో వేసి, రేకు డబ్బాల్లో మూసి దేశదేశాలకు పంపాడు. మాంసం డబ్బాలోకి, గుడ్లు ఉప్పువేసి ఎండబెట్టటానికి, తలలూ ఎముకలూ నూనె తీయటానికి, చివరకు మిగిలిన పిప్పి ఎరువుకు పోయేవి. దీవిలో మగవాళ్ళు వల మీద, ఆడవాళ్ళు డబ్బాల దగ్గర పనిచేశారు. ఊరు ఊరంతా ఒక్క చేప మీద బతికింది.

ఆ ఊరి ఏడాది ఎలా నడిచేదో చూడండి. చలికాలమంతా కొట్టాల్లో కూర్చుని వలలు అల్లటం, బాగుచేయటం. పూర్వం గడ్డితాడు, జనపతాడు వాడేవారు. 20వ శతాబ్దంలో కొబ్బరి పీచు తాడు కూడా వచ్చింది. మన కోనసీమవాళ్ళకు తెలిసిన తాడే! ఏప్రిల్‌లో లంగర్లు, తాళ్ళు, వలలు పడవలకెత్తి సముద్రంలో దింపేవారు. దానికి వారాలు పట్టేది. మే, జూన్ నెలల్లో వేట. జూలై రాగానే వల మొత్తం పైకి లాగి ఆరవేసుకోవలసిందే. అంటే ఏడాదిలో రెండు నెలలు మాత్రమే వేట, మిగిలినదంతా సిద్ధం చేసుకోవటమూ, సర్దుకోవటమూ. మన వ్యవసాయం మాత్రం అంతే కాదా? కోత పది రోజులు, చాకిరీ పది నెలలు.

చివరి గదిలో చేప నిండాక, సముద్రం నెమ్మదిగా వున్న రోజు చూసి రాయిస్ సైగ చేసేవాడు. నాలుగువైపులా పడవలు చేరేవి. పదులకొద్దీ మనుషులు అడుగు వలను చేతులతో పైకి లాగేవారు. లాగటానికి ఒక పాట వుంది, దానిని ‘చాలోమా’ అంటారు. ఒకడు అందుకుంటే మిగిలినవాళ్ళు వంతపాడతారు. మనవాళ్ళు అలివి వల లాగేటప్పుడు ‘హైలెస్సా’ అన్నట్టే. వల పైకి వచ్చేకొద్దీ నీళ్ళు తెల్లగా ఉడుకుతాయి. వందలకిలోల చేపలు తోకలతో కొడుతుంటే మనిషి నిలువునా తడిసిపోతాడు. ఎనిమిదిమంది కలిసి ఇనుప కొక్కేలు వేసి ఒక్కొక్క చేపను పడవలోకి దొర్లించేవారు. సముద్రం ఎర్రబడేది. దీనిని ‘మత్తాంజా’ అన్నారు. చంపటం అనే అర్థం గల స్పెయిను మాటనుంచి వచ్చింది. చూసి సంతోషించవలసిన పని కాదు. ఆ పని చేసినవాళ్ళు కూడా దానిని వేడుకగా చేయలేదు, ప్రార్థన చేసి మొదలుపెట్టి, ప్రార్థనతో ముగించారు. చేపమీద గౌరవం లేనివాడు ఆ వల మీదకు పనికిరాడు.

సరే, ఇంతకాలం నిలిచిన పని ఎందుకు పడిపోయింది?

20వ శతాబ్దం రెండో సగంలో సముద్రం మీదకు ఇంకొక రకం వల వచ్చింది. మనవైపు రింగు వల అంటామే, అది. పెద్ద మరపడవలు మంద ఎక్కడుంటే అక్కడికే పోయి, చుట్టూ వల తిప్పి, అడుగు బిగించి, మందంతా ఒక్కసారే లాగేస్తాయి. చేప గుడ్లు పెట్టే చోటికే వెళ్ళి పట్టాయి. మంద జాడ చెప్పటానికి విమానాలు కూడా ఎగిరాయి. 1990 తరువాత ఇంకో మార్పు వచ్చింది. జపాను దేశంలో పచ్చిచేప ముక్కల వంటకానికి ఈ సూర కొవ్వు మాంసం మీద విపరీతమైన మోజు, దానికి తగ్గ ధర. కనుక పట్టిన చేపను చంపకుండా సముద్రంలోనే వల పంజరాల్లో పెట్టి, మేపి, బలిపించి అమ్మటం మొదలైంది. కోళ్ళఫారం సముద్రంలో పెట్టినట్టు. కాని ఒక తేడా వుంది. కోళ్ళఫారంలో పిల్లను మనం పొదిగిస్తాం. ఇక్కడ పిల్లను సముద్రంనుంచి ఎత్తుకొస్తారు.

దారి కాచిన వలల దాకా వచ్చే చేప తగ్గిపోయింది. పోర్చుగల్ దక్షిణతీరం పాత వలలు 1972తో ముగిశాయి. సిసిలీలో ఒకటి తరువాత ఒకటి మూతపడ్డాయి.

చట్టం లేదా అని మీరడుగుతారు. వుంది. అట్లాంటిక్ సూరచేపల కాపుదలకు దేశాలన్నీ కలిసి 1966లో ఒప్పందం రాసుకున్నాయి, 1969నుంచి అది అమలులోకి వచ్చింది. కాని కాగితం మీద వంతు ఒకటి, కాలువ మీద వాడకం ఒకటి. 2007లో మధ్యధరా, తూర్పు అట్లాంటిక్ కలిపి పట్టవలసిన హద్దు 29,500 టన్నులు. ఆ సంఘంవారి శాస్త్రజ్ఞులే వేసిన అంచనా ప్రకారం నిజంగా పట్టింది 61,000 టన్నులు. రెట్టింపుకు మించి! అదే 2007లో ఫావిఞ్ఞానాలో చివరి మత్తాంజా జరిగింది. ఒకచోట దొంగ లెక్కల్లో చేపలు గుట్టలు పడుతుంటే, ఇంకోచోట తరతరాల వల ఖాళీగా పైకి వచ్చింది. శివారు చేను ఎండటం అంటే ఇదే.

ఆ తరువాత లోకం మేలుకుంది. 2006లో మొదలుపెట్టిన కాపుదల పథకాన్ని గట్టిపరిచారు. 30 కిలోలకు తక్కువ చేపను, కొద్ది మినహాయింపులు తప్ప, పట్టరాదన్నారు. విమానాలు ఎగరరాదన్నారు. రింగు వలల వేట రోజులు కుదించారు. ఒక్కొక్క చేపకూ కాగితం వుండాలన్నారు. 2010లో అసలు ఈ చేప అంతర్జాతీయ వర్తకాన్నే నిషేధించాలని మొనాకో దేశం ప్రతిపాదించింది. అది వీగిపోయింది గాని, ఆ భయం పనిచేసింది. హద్దును 13,000 టన్నుల లోపుకు దించారు. దేశాలు ఈసారి మాటమీద నిలబడ్డాయి. ఫలితం? చేప తిరిగి పెరిగింది. 2020నాటికి హద్దును 36,000 టన్నులకు పెంచగలిగారు. 2011లో ‘ప్రమాదంలో వున్నది’ అని అంతర్జాతీయ పట్టికలో చేర్చిన చేపను, 2021లో ఆ ప్రమాదపు జాబితానుంచి తీసివేశారు. పదేళ్ళు ఓర్చుకుంటే సముద్రం ఎంత తిరిగి ఇస్తుందో దీనివల్ల తెలిసింది. ఇది మనసుకు ధైర్యం కలిగించే సంగతి.

కాని కథ ఇంతటితో అయిపోతే నేను ఈ ప్రసంగం చేయనక్కరలేదు.

నీరు తిరిగి వచ్చింది. వంతులు ఎలా వేశారో చూడాలి. ఎవరు వెనక ఎంత పట్టారో దానినిబట్టి ముందు వాటాలు కట్టారు. ఇటలీలో ఎక్కువ భాగం రింగు వలల పడవలకే పోయింది. దారి కాచే వలలన్నిటికీ కలిపి ఒక చిన్న వాటా మిగిలింది. అంటే అతిగా పట్టినవాడికి అతిగా వాటా, పొదుపుగా పట్టినవాడికి పొదుపైన వాటా! ఫావిఞ్ఞానాలో మళ్ళీ వల దింపాలని ప్రయత్నించారు. ఇచ్చిన వాటా వల ఖర్చుకే చాలలేదు. వల దింపే విద్య తెలిసిన పెద్దవాళ్ళు ఒకరొకరే వెళ్ళిపోతున్నారు. ఫ్లోరియో కర్మాగారం ఇప్పుడు మ్యూజియం. లంగర్లు వరుసగా పేర్చి వున్నాయి. జనం టిక్కెట్టు కొని చూసి వస్తారు.

స్పెయినులో మాత్రం కాదిజ్ తీరాన కోనిల్, బర్బాతే, జహారా, తరీఫా అనే నాలుగు ఊళ్ళ దగ్గర అల్మద్రాబా నేటికీ ఏటా వసంతంలో దిగుతుంది. సార్డీనియా దీవి దగ్గరా, మొరాకోలోనూ ఈ వలలు వున్నాయి. ఇప్పుడు ఈతగాళ్ళు నీటిలో దిగి చేపలు లెక్కపెడతారు. వాటా నిండగానే ఆపేస్తారు. మిగిలిన చేపలకు వాకిలి తెరిచి పంపించేస్తారు. చూశారా, ఎదురుచూసే వలకు ఆ సౌకర్యం వుంది. చేప బతికి వుండగానే ‘చాలు’ అనవచ్చు.

ఇందులో మనకేమిటి అంటే, రెండు మాటలు చెప్పి ముగిస్తాను.

మన తూర్పుతీరంలో ఏటా ఏప్రిల్ 15నుంచి జూన్ 14దాకా, 61 రోజులు, మరపడవల వేట నిలిపివేస్తున్నారు. చేప గుడ్లు పెట్టుకునే కాలం అది. ఆ రెండు నెలలు ఇల్లు గడవటం ఎంత కష్టమో మత్స్యకారుల ఆడవాళ్ళను అడిగితే తెలుస్తుంది. కాని కాలువ కట్టేసిన నెలల్లోనే గదా గట్లు బాగుచేసుకుంటాం. నీలిరెక్కల సూర తిరిగి వచ్చిన సంగతి విన్నాక, ఈ ఓర్పు వృథా పోదని నమ్మటానికి ఆధారం దొరికింది. అయితే ఆ ఓర్పు అందరూ పట్టాలి. ఒకడు ఆగి ఒకడు వెళితే, ఆగినవాడే మోసపోతాడు.

రెండో మాట విస్తరణ కార్యకర్తలకు. 2022లో విశాఖ తీరాన రింగు వలల మీద మత్స్యకారుల మధ్యనే తగాదా వచ్చింది. ఒకరిది బతుకుతెరువు, ఇంకొకరిదీ బతుకుతెరువే. అటువంటి చోటికి మీరు వెళ్ళినప్పుడు, చేప ఎంత వుంది అనే లెక్కతో ఆగవద్దు. ఆ చేప ఎవరి వలదాకా చేరుతున్నది అని కూడా రాయండి. తెప్ప మీద పోయేవాడు, ఒడ్డున అలివి వల లాగేవాడు, ఉప్పుటేరులో కర్రలు పాతి వల కట్టేవాడు, వీళ్ళందరూ శివారు రైతులే. చేప తగ్గినప్పుడు ముందు నష్టపోయేదీ వాళ్ళే, చేప పెరిగినప్పుడు చివరకు గుర్తొచ్చేదీ వాళ్ళే. వాళ్ళ పేర్లు పద్దులో లేకపోతే, రేపు వంతులు వేసేవాడికి వాళ్ళు కనబడరు. సిసిలీలో చేప తిరిగి వచ్చింది గాని వల తిరిగి రాలేదు. మన తీరంలో అలా కానివ్వకుండా చూసుకోవటం మన చేతుల్లో వుంది.

ఊళ్ళో పెద్దవాళ్ళెవరైనా పాతకాలపు వలలు కట్టటం తెలిసినవారుంటే, ఈ వేట మూసిన రోజుల్లో పడుచువాళ్ళు వాళ్ళ పక్కన ఒక పూట కూర్చోండి. ఏ తాడు ఎందుకు, ఏ ముడి ఎక్కడ అని అడిగి తెలుసుకోండి. వీలైతే ఒక పుస్తకంలో రాసి వుంచండి. సెలవు.